కుడిచేతి గాజులు

ముత్తెమ్మ కుడిచెయ్యి వేళ్ళ నుంచి భుజం దాకా పొంగిపోయి ఉంది.

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఇంటికొచ్చినప్పుడు చెయ్యి బాగానే ఉండేది. గండం గడిచిందని అత్త ఎంకవ్వ ఆమెను మాహూర్ తీసుకుపోయి, రేణుకమ్మకు మొక్కు తీర్చి, రెండు చేతులకూ పచ్చగాజులు వేయించింది. పత్తి ఏరడానికి పోవడం మొదలుపెట్టాక ఆ చెయ్యి వాచింది. గాజులు కండలో దిగబడ్డాయి.

నాందేడ్ దవాఖానాలో నర్సు వత్సల వాపు తగ్గించే పట్టీ పట్టుకుని ఎంకవ్వ ముందు నిలబడింది.

“గాజులు తియ్యందే పట్టీ కట్టనీకి రాదు ఆజీ. గాజు గీరుకుని చీము పడితే పానం మీదికొస్తది.”

“సబ్బు పెట్టి సూసినం. ఎల్తలేవు.”

“అయితే పగలగొడ్త.”

ఎంకవ్వ అడ్డం వచ్చింది.

“వద్దు సిస్టర్. ముత్తైదువ గాజులు పగలగొడితే, కొట్టినామె పెనిమిటికి కీడు. నీ మొగుడు సల్లగుండాలె. నేను గూడ కొట్ట. మా ముసలోడున్నడు.”

“మరి ఎవలు కొట్టాలె?”

“పెనిమిటి లేనిది. మా వాడల ఒకామె ఉన్నది. వచ్చేవారం తోలుకొస్త.”

“వచ్చేవారం దాక ఈ చెయ్యి ఆగదు ఆజీ.”

ముత్తెమ్మకు ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. చెయ్యి పోతే కూలికి ఎవరు పిలుస్తారన్నదే ఆమె దిగులు.

బెంచీ చివర కూర్చున్న పెద్దామె ఒకతె లేచి వచ్చింది. కొంగు కనుబొమల దాకా కప్పుకుని ఉంది. రెండు చేతులూ బోడిగా ఉన్నాయి.

“నేను తీస్త.”

ఎంకవ్వ ఆమె మణికట్ల వంక చూసింది.

“నీకు పెనిమిటి?”

“లేడు.”

“ఎన్నడు పోయిండు?”

“శాన రోజులాయె. ఇగ నాకు పొయ్యేదేమున్నది అక్కా?”

ఎంకవ్వ పక్కకు జరిగింది.

పెద్దామె గాజులకూ చర్మానికీ మధ్య తడిగుడ్డ దూర్చింది. పైన ఇంకో గుడ్డ కప్పి, వత్సల ఇచ్చిన పటకారుతో ఒక్కొక్క గాజునే చిట్లించింది. చేతిమీద ఒక్క గీటు పడలేదు.

ముత్తెమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“ఎందుకేడుస్తవ్ బిడ్డా? ఎడమచేతికున్నయి గద. నీ మొగణ్ణి అటుదిక్కు కూసోమను.”

ముత్తెమ్మకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

“పండుకున్నప్పుడు చెయ్యి మెత్త మీద పెట్టు బిడ్డా. బరువు మొయ్యకు. ఈ చేతికి సూది వెయ్యనియ్యకు.”

వత్సల వేళ్ళ నుంచి పైకి పట్టీ చుట్టింది. ఎంకవ్వ కుంకుమ పొట్లం విప్పింది.

“ఇగ నువ్వు పో. మా కోడలు బొట్టు పెట్టుకుంటది. నీ మొగం ఎదురు రావద్దు.”

అత్తను ఆపాలనుకుంది ముత్తెమ్మ.

పెద్దామె గాజుపెంకులు గుడ్డలో మూటగట్టుకుని వెళ్ళిపోయింది.

మందులకు జ్వరం దిగింది. పట్టీలకు వాపు తీసింది. చలికాలం దాటాక ముత్తెమ్మ మళ్ళీ నాందేడ్ వచ్చింది. ఈసారి ఒక్కతే వచ్చింది. పెద్దామె కోసం జొన్నరొట్టెలు, నువ్వులపొడి కట్టుకొచ్చింది.

“సిస్టర్, నా గాజులు తీసిన పెద్దమ్మ రాలేదా?”

వత్సల బల్ల దగ్గరున్న ముసలాయనను చూపించింది.

“ఆ పెద్దమ్మ పేరు కాశీబాయి. ఈయన ఆమె మనిషే. ఆయననే అడుగు.”

ఆయన ఉతికి మడతపెట్టిన పట్టీలు సంచిలోంచి తీస్తున్నాడు.

“కాకా, కాశీబాయి పెద్దమ్మ ఎట్లున్నది?”

“పోయింది బిడ్డా. రోగం తిరగబెట్టింది. ఇవి ఎవలకన్న పనికొస్తయని తెచ్చిన.”

ముత్తెమ్మ రొట్టెల మూట బల్ల మీద పెట్టింది.

“నువ్వు ఆమె తోడబుట్టినోనివా?”

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

“పెనిమిటిని. రెండు దిక్కులా రొమ్ము ఆపరేషనైనంక డాక్టర్లు ఏ చేతికీ గాజులు వద్దన్నరు. పొయ్యేనాడు మోచేతుల దాక పచ్చగాజులేసి, ముత్తైదువ లెక్క సాగదోలిన.”