డాక్టరుకి కనపడని దద్దుర్లు

యూసుఫ్ పిల్లాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి డైపర్ విప్పాడు. డాక్టర్ సూర్యప్రకాశరావు వంగి చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"దద్దుర్లెక్కడండీ?"

యూసుఫ్ కూడా వంగి చూశాడు. పిర్రలు నున్నగా ఉన్నాయి. తొడల మడతల్లో ఒక్క పొక్కు లేదు. పిల్లాడు కాళ్ళు ఎగరేసి, డాక్టరుగారి స్టెతస్కోపు పట్టుకుని నవ్వాడు.

డైపర్ ఒరుసుకుంటే అది తగిలినచోట చర్మం ఎర్రగా కందిపోతుందని, ముట్టుకుంటే పిల్లలు ఏడుస్తారని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. మీవాడికి అలాంటిదేమీ లేదు, అయినా జాగ్రత్తకి పూటకి కాసేపు డైపర్ లేకుండా వదిలేయండి అని ఒక ఆయింట్‌మెంటు రాసిచ్చారు.

ఆ డైపర్లు ఇంటికి తెచ్చింది యూసుఫే. ఏలూరు బజారులో అతనికి కళ్ళజోళ్ళ షాపుంది. తాడేపల్లిగూడెంలో పెళ్ళికి కొత్త తెల్లచొక్కా వేసుకుని వెళ్తే, ఫొటో తీసే సమయానికి ఒళ్ళో ఉన్న పిల్లాడు చొక్కా అంతా తడిపేశాడు. మర్నాడే మెడికల్ షాపుకెళ్ళి పెద్ద ప్యాకెట్టు కొనుక్కొచ్చాడు. పురిటి సాయానికి కలిదిండి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన అత్తగారు షహనాజ్, మెత్తటి పాతగుడ్డలుండగా ఈ ప్లాస్టిక్కు సంచి ఎందుకని సణిగింది. యూసుఫ్ వినలేదు.

వారం తిరగకుండా హసన్‌కి కింద కందిపోయింది. భార్య గుల్నాజ్ ఒకటే మాట అంది. తెచ్చింది మీరు, తగ్గించాల్సిందీ మీరే. తనకి వంటా, స్నానాలూ, ఉతుకులతో ఊపిరాడటం లేదంది.

అందుకే యూసుఫ్ ఆ బాధ్యత నెత్తినేసుకున్నాడు. పొద్దున్నే షాపు తెరిచేలోగా పిల్లాణ్ణి ముందు గదిలోకి తెచ్చుకునేవాడు. గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి తుడిచేవాడు. రుద్దకుండా అద్దేవాడు. ఫ్యాను కింద ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకుని ఆరబెట్టేవాడు. రోజూ లుంగీ మార్చుకోవాల్సి వచ్చినా విసుక్కోలేదు. ఆయింట్‌మెంటు పల్చగా రాసి, తను చేసిన పనిని కాసేపు చూసుకుని మురిసిపోయేవాడు.

"ఏమీ లేదు, అద్దంలా ఉంది" అన్నాడు గుల్నాజ్‌తో.

"ఇంకా ఎర్రబడిందండీ. నీళ్ళు పోస్తుంటే గుక్కపట్టి ఏడ్చాడు."

ఆమె స్నానం చేయించేది మధ్యాహ్నం. అప్పుడతను షాపులో ఉంటాడు. రాత్రి వచ్చి ఏదీ చూపించమంటే, నిద్రపోతున్న హసన్‌ని లేపితే ఊరుకోనంది. పొద్దున్న తనే విప్పి చూస్తే మళ్ళీ అద్దమే.

గుల్నాజ్‌కి అనుమానం వచ్చింది. ఈయన అసలు డాక్టరు దగ్గరికే వెళ్ళలేదేమో, దారిలో టీకొట్టు దగ్గర కూర్చుని వచ్చేశాడేమో అని తల్లితో అంది. ఆ మాట చెవినపడి యూసుఫ్ రోషంగా పిల్లాణ్ణి తువ్వాల్లో చుట్టుకుని మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాడు. ఈసారి డాక్టరుగారు టార్చిలైటు వేసి మరీ చూశారు.

"ఇంత ఆరోగ్యమైన పిల్లాణ్ణి ఈ నెలలో నేను చూడలేదండీ" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, చంటిపిల్లల తల్లులకి నిద్ర చాలక ఒక్కోసారి లేనిపోని భయాలు పట్టుకుంటాయని, ఆమెని కాస్త విశ్రాంతి తీసుకోనివ్వమని చెప్పారు.

తిరుగుదారిలో యూసుఫ్‌కి వేరే ఆలోచన వచ్చింది. లోపం నిద్రలో కాదు, చూపులో ఉంది. సాయంత్రం గుల్నాజ్‌ని షాపుకి రమ్మని, అద్దాల పరీక్షకుర్చీలో కూర్చోబెట్టాడు. గోడమీది అక్షరాలు చదవమన్నాడు. ఆమె పై వరుస చదివింది. కింది వరుస చదివింది. అన్నిటికంటే చిన్న వరుస కూడా చదివేసి, ఆ అట్ట అడుగున అచ్చేసినవాళ్ళ ఊరు పేరు కూడా చదివింది.

"ఇక మీ పరీక్ష అయితే, రేపు నేనూ వస్తాను" అంది. ఆ మాట చాలా నెమ్మదిగా అంది. యూసుఫ్ అద్దాలపెట్టె మూసేశాడు.

మర్నాడు తల్లిని ఇంటి దగ్గర ఉండమని చెప్పి, హసన్‌ని తనే ఎత్తుకుని ఆస్పత్రికి వచ్చింది గుల్నాజ్. బల్ల మీద పడుకోబెట్టి డైపర్ విప్పింది.

పిర్రలు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. చేయి దగ్గరికి రాగానే వాడు ఏడుపు లంకించుకున్నాడు. డాక్టరుగారు మళ్ళీ టార్చి తీశారు. మడతల్లోకి కూడా జాగ్రత్తగా చూసి, ఫంగసేమీ లేదు, తడి ఎక్కువసేపు ఉండిపోవడం వల్ల వచ్చిన మామూలు ఒరుపే అన్నారు. తడిసిన వెంటనే మార్చాలి, పౌడరు చల్లొద్దు, గాలి తగలనివ్వాలి, ఆ ఆయింట్‌మెంటు రాస్తే రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుందన్నారు.

"అదే రాస్తున్నాను సార్, వారం నుంచీ" అన్నాడు యూసుఫ్. "నిన్న పొద్దున కూడా రాశాను. ఒక్క మచ్చ లేదు."

"నిజమేనమ్మా" అన్నారు డాక్టరుగారు, తనమీద తనకే నమ్మకం పోయినట్టుగా. "నిన్న టార్చి వేసి చూసింది నేనే."

గుల్నాజ్ ఒకసారి డాక్టరుగారిని చూసింది. ఏడుస్తున్న హసన్‌ని భుజాన వేసుకుంది. తర్వాత మొగుడివైపు తిరిగింది.

"ఏవండీ, కవలలు పుట్టి ఐదు నెలలైంది, మీకింకా హసనెవరో హుస్సేనెవరో తెలియడం లేదా?"