దుప్పట్ల మాటలు

ఆ దేశంలో ఉద్యోగం ఇచ్చేవాళ్లే ఇంగ్లీషు కూడా ఇస్తారు. చెవి వెనక చిన్న బిళ్ల అంటిస్తే వారంలో పనీ వస్తుంది, ఆ పనికి సరిపడా భాషా వస్తుంది. కాకినాడ నుంచి వెళ్లిన నూకరత్నం, ఎరిట్రియా నుంచి వచ్చిన సెలామ్ ఒకే హోటల్ లాండ్రీలో అలాగే నేర్చుకున్నారు. చెరో కొసా పట్టుకుని దుప్పట్లు మడతపెడుతూ, ఆ కాసిని మాటలతోనే సంసారాలన్నీ చెప్పుకునేవారు. మరక పడిందంటే ఇంట్లో గొడవ, ఇస్త్రీ అయిందంటే రాజీ.

నూకరత్నానికి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. బిళ్ల మార్చే తెలుగావిడ ముందే అడిగింది.

"పాత భాష తీసేత్తేనే కొత్తది ఎక్కుద్దండి. పర్లేదా?"

"తీసెయ్యమ్మా. ఆ దుప్పట్ల మాటలతో నాకింకేం పని?" అంది నూకరత్నం సంబరంగా.

ఆదివారం సెలామ్ ఇంటికొచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. గుమ్మంలోనే నిలబడి లాండ్రీ ఇంగ్లీషులో ఒకే మాట పదే పదే చెప్పింది. నూకరత్నానికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"నొప్పి ఎక్కడుంది? ఎప్పటినుంచి?" అని తన కొత్త ఇంగ్లీషులో అడిగింది. సెలామ్‌కు అదీ అర్థం కాలేదు.

నూకరత్నం మంచం మీది దుప్పటి లాక్కొచ్చి ఒక కొస అందించింది. ఇద్దరూ దులిపారు, మడిచారు, ఎదురెదురుగా నడిచారు. కొసలు కలిసినచోట సెలామ్ మళ్లీ అదే మాట అని, ఎప్పటిలాగే జవాబు కోసం ఆగింది.

"నీ మాట నేనే తీయించేసుకున్నానే తల్లీ," అంది నూకరత్నం తెలుగులో.