నాంచారమ్మ నారు

నా భార్య నాంచారమ్మ పోసిన ఆఖరి మిరప నారును ఆమె తమ్ముడు అంకారావే పారేశాడు. ఆమె ఆసుపత్రిలో ఉండగా, గిడసబారిందని చెప్పి చెత్తలో వేశాడు. ఆమె తిరిగి ఇంటికి రాలేదు.

ఇప్పటి ఎండలకు లేత నారు బయట బతకదు. అందుకే ఇంటింటా నారు బీరువా ఉంటుంది. వెలుతురు, నీళ్లు అన్నీ అదే చూసుకుంటుంది. నాంచారమ్మ మాత్రం రోజూ దాని తలుపు తీసి, మొక్కల తలలు అరచేత్తో నిమిరేది.

"తలుపు మూయండి" అనేది బీరువా.

"నువ్వు నోరు మూయి" అనేది ఆమె.

"నారుకు తలంటుతున్నావా అక్కా?" అని అంకారావు నవ్వేవాడు.

"కదలని మొక్క గాలికి నిలబడదురా."

ఆమె దాచిన గింజలతో ఈ ఏడు నేను నారు పోశాను. రోజూ నిమిరాను. బీరువా రోజూ అరిచింది.

నాట్ల సాయంత్రం ఊరంతా ట్రేలు పొలానికి తెచ్చింది. అంకారావు నారు మూరెడు, నాది జానెడు. ఎన్నడూ లేనంత గాలి లేచింది. మొదటి విసురుకే ఊరి నారంతా నేలకు వాలిపోయింది. నాది ఊగి, నిలబడింది.

అంకారావు ఖాళీ ట్రేతో వచ్చాడు.

"బావా, కాస్త నారు ఇవ్వు. లేకపోతే ఈ ఏడు నాకు పంట లేదు."

"ముందు నిమురు."

"అందరూ చూస్తున్నారు బావా."

"అందుకే."

అతను వంగి నిమిరాడు. అతని చేతి కింద మొక్కలు వంగి, మళ్లీ లేచాయి. ఊరంతా చూసింది. అతని ట్రే నింపాను. మిగిలింది అడిగినవాళ్లకు పంచాను. చీకటి పడేసరికి ఎవరి చేలో చూసినా నాంచారమ్మ నారే నిలబడి ఉంది.

"ఆ రోజు నేను పారేసింది..." అని అంకారావు మొదలుపెట్టాడు.

చెయ్యెత్తి ఆపాను. అతన్ని క్షమించలేదు. ఆ మాట ఇక నా దగ్గర ఎత్తవద్దన్నాను. నేనూ ఎత్తను.