దొర పట్టిన పిల్ల

వాకిట్లో కుంపటి రాజుకుంటోంది. అందులో కొడవలి ఎర్రగా కాలుతోంది. ఇంకాసేపట్లో దాంతో మారుతి కూతురికి వాత పెడతారు.

పిల్ల పేరు సౌజన్య. మూడో తరగతి. బడి, బడి వదిలాక బాపమ్మ నర్సక్క వెంట కట్టెలకు పోవడం తప్ప మరొకటి ఎరగదు.

"దొర పట్టిండు," అని తేల్చేశాడు భూతవైద్యుడు పోచన్న.

రాజురా అవతలి ఆ ఊళ్ళో దొరంటే ఒక్కడే. ఊరి చివర పాడుబడ్డ మిషను బంగళాలో ఒకప్పుడు ఉన్న తెల్ల పాదిరి. మతం సంగతి ఎలా ఉన్నా ఆయనకు దయ్యాల పిచ్చి ఉండేదట. ఊరూరా తిరిగి, ముసలివాళ్ళు చెప్పిన దయ్యాల కథలన్నీ పోగేసి తెలుగులో పుస్తకం అచ్చు వేయించాడు. బతికినన్నాళ్ళూ దయ్యాలను పుస్తకంలో పెట్టి, చచ్చాక తానే దయ్యమై బంగళాలో తిష్ఠ వేశాడు. దొరికిన పిల్లలను పట్టుకుని ప్రాణం పోయేదాకా ఆ పుస్తకం చదివిస్తాడట.

ఈ కథ మారుతికి చిన్నప్పటి నుంచీ నూరిపోసింది అతని తల్లి నర్సక్కే. "అప్పట్ల మిషను బడి గడప తొక్కినోళ్ళని కులపోళ్ళు వెలేసిన్రు. ఇప్పుడు తొక్కితే దొర ఊకుంటడా?" అనేది. ఆ మాటకు జడిసి ఊరివాళ్ళు ఆ వైపు మేకలను కూడా తోలడం మానేశారు.

వారం నుంచీ సౌజన్య నిద్రలో కలవరిస్తోంది. "అంతట ఆ దయ్యము ఇట్లు పలికెను," అంటోంది. ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడే మాటలు కావవి. ఈ రోజు మారుతి భార్య స్వప్న బడిసంచి దులిపితే, చెదలు తిన్న అట్టతో ఓ పుస్తకం కిందపడింది. మొదటి పేజీలోనే గడ్డం దొర బొమ్మ. స్వప్న కెవ్వుమంది. ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ మీదున్న మారుతి పడుతూ లేస్తూ వచ్చాడు.

"ఎక్కడిది బిడ్డా ఇది?" అని ఎంత అడిగినా పిల్ల బాపమ్మ వైపు చూసి తల దించుకుంది.

పోచన్న వేపమండ ఝాడించాడు. "ఎవలు నువ్వు? పలుకు!"

సౌజన్య తల్లి కొంగు పట్టుకుంది.

"వాత పెట్టకు పోచన్నా," అంది నర్సక్క. "దొర గంత పాపి కాదు. ఆయనే పోతడు. నిమ్మకాయ కోసి ఇడిసిపెట్టు."

"పట్టిండంటే పానం తీస్తడని నువ్వే చెప్తివి గదనే అవ్వా!" అన్నాడు మారుతి ఏడుపు గొంతుతో.

ముసలిది వెనక్కి జరిగి గోడకు ఆనుకుని నిలబడింది.

పోచన్న ఊరికే వాతలు పెట్టే రకం కాదు. పరీక్ష పెట్టాకే కొడవలి పడతాడు. పుస్తకం తీసి పిల్ల చేతిలో పెట్టాడు.

"సదువు. పిల్లకైతే రాదు. సదివిందంటే దొరే."

అది న్యాయమైన పరీక్షే అనిపించింది అందరికీ. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ, సరిహద్దుకు అటు పక్కనున్న ఆ ఊళ్ళో చదువంతా మరాఠీలోనే. ఆసిఫాబాద్ బస్సు మీది తెలుగు బోర్డు చదవలేక కండక్టరును అడిగి ఎక్కుతారు. ఊరంతా జల్లెడ పట్టినా తెలుగు అక్షరం గుర్తుపట్టే మనిషి దొరకడు.

రాదని చెప్పు బిడ్డా అని మారుతి మనసులోనే వెయ్యి దేవుళ్ళకు మొక్కుకున్నాడు.

సౌజన్య కళ్ళు తుడుచుకుంది. బడిలో గురూజీ ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడింది. బాగా చదివితే వదిలేస్తారనుకుందో ఏమో!

"ఆ కొండ మీద నొక దయ్యము కలదు. అది మిక్కిలి ఆకలిగొని, దారిన పోవు బాటసారిని పిలిచి..."

తడబాటు లేదు. గడగడా చదివేసింది.

వాకిట్లో ఉన్న జనమంతా వెనక్కి తగ్గారు. స్వప్న నేల మీద కూలబడింది. మారుతి ఎత్తుకుని పెంచిన పిల్ల నోట్లోంచి చచ్చిన మనిషి మాట్లాడుతున్నాడు.

"చేతులు పట్టుకో," అన్నాడు పోచన్న.

మారుతి ఏడుస్తూనే పట్టుకున్నాడు. పుస్తకం జారి కిందపడింది.

"వద్దు బాపూ! నేనే బాపూ!"

"అది నీ బిడ్డ గొంతు కాదు. ఇనకు," అంటూ పోచన్న కొడవలి పైకి తీశాడు.

అప్పుడు నర్సక్క గోడ వదిలి వచ్చి, మనవరాలికి అడ్డంగా కూర్చుని, కిందపడ్డ పుస్తకం తీసుకుని, వరస మీద వేలు పెట్టి, పిల్ల ఆపిన చోటి నుంచి చదవడం మొదలుపెట్టింది.