పదో సెకను

"నిలబడు. కళ్ళలోకి చూడు. ఇవి మార్కులా, బస్సు నంబర్లా?"

కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, బాల్‌పెన్ను టిక్కుటిక్కుమనిపిస్తూ అడిగింది అమ్మ.

పదిహేనేళ్ళ టపాకాయ గోడకి ఆనుకుని నిలబడింది. బొటనవేళ్ళు రెండూ గుప్పిట్లో బిగించింది. సోఫాలో అమ్మమ్మ స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చుంది.

"మాట్లాడవేం? నాలుక ఎక్కడో పెట్టి..."

"బస్సు నంబర్లే! ఎక్కి పొండి!" అంది టపాకాయ.

"నాలుగు," అంది అమ్మమ్మ. "నయమే. నిన్న మూడు."

టపాకాయ అసలు పేరు స్కూలు రిజిస్టర్లో భద్రంగా ఉంది. ఈ పేరు ఇంట్లోవాళ్ళది. ఏడీహెచ్‌డీ అన్న పేరు మాత్రం కౌన్సెలర్ పెట్టాడు.

"బండి మంచిదే, ఇంజనూ మంచిదే. బ్రేకు ఒక్క క్షణం లేటుగా పడుతుంది, అంతే," అన్నాడాయన. "ఆ ఒక్క క్షణం ఓపిక పట్టడం నేర్పించాలి. తిట్టి కాదు, ప్రాక్టీసు చేయించి."

పిల్ల ఎక్కడ పేలుతుందో ఆ సీనే ఇంట్లో ఆడాలి. ఒకరు అవతలి మనిషి వేషం కట్టాలి. మాట పడగానే పిల్ల పది లెక్కపెట్టాలి. ఆ తర్వాత ఒకే ఒక్క వాక్యం: "నాకిప్పుడు కోపంగా ఉంది, కాసేపాగి మాట్లాడతాను." ఇదీ పద్ధతి.

"వీలైతే ఆ అవతలి మనిషిని కూడా ఒకసారి తీసుకురండి," అన్నాడు.

"తీరికుండదండీ," అని నవ్వేసింది అమ్మ.

"దీని బ్రేకు సంగతి సరే నాయనా, ఎదుటి బండి హారన్ ఆపేదెవరు?" అంది అమ్మమ్మ.

దానికి కౌన్సెలర్ దగ్గర కరపత్రం లేదు.

పోయిన నెల టపాకాయ గ్లాసు విసిరింది. మనిషికి తగల్లేదు, గోడకి తగిలింది. గోడ ఏమీ అనలేదు. ఇంకొక్కసారి నోరు లేచినా, చెయ్యి లేచినా ఇక్కడ చదువు బంద్ అని తేల్చేశారు. ఎనిమిది గంటల ప్రయాణం దూరంలో ఒక హాస్టలుంది. ఇలాంటి పిల్లల్ని అక్కడ లైన్లో పెడతారట. ఎలా పెడతారో బ్రోచర్లో రాయలేదు. మాత్రలు మాత్రం ఇవ్వరట, క్రమశిక్షణే మాత్రట. ఫారం నింపడం అయిపోయింది. సంతకం ఒక్కటే తరువాయి.

అందుకని రోజూ అయిదింటికి ఆ ఇంట్లో కర్టెన్లు మూసేసేవారు. పరువు ముఖ్యం కదా. పై వాటా ఆవిడ అడిగితే స్కూల్లో నాటకమని చెప్పారు.

"విలన్ వేషం ఎవరిదోగానీ అదరగొట్టేస్తున్నారు," అందావిడ. అమ్మ మొహమాటంగా థాంక్స్ చెప్పింది.

కౌన్సెలర్ ఇచ్చిన చార్టుని వంటింట్లో చెత్తబుట్ట పెట్టే అలమర తలుపుకి లోపలివైపు అంటించారు. చూడకూడనివాళ్ళు అటు రారు.

మందుల షాపు కౌంటర్లో పొద్దంతా మెత్తగా మాట్లాడే అమ్మ, ఆ గంటా గుర్తుపట్టలేనట్టు మారిపోయేది. డైలాగులు ఎక్కడా రాసుకోలేదు. ఒక్కటీ మర్చిపోలేదు.

"ఇంత నటన నీకెక్కడ అబ్బిందే?" అంది అమ్మమ్మ.

"వినీ వినీ," అంది అమ్మ.

అయిదో రోజుకి అయిదు సెకన్లు. పదకొండో రోజుకి ఏడు. పన్నెండో రోజు మళ్ళీ రెండు, ఆపైన ఒక కుషన్ చిరిగింది. పిల్ల బాత్రూములో తలుపేసుకుని, "నావల్ల కాదమ్మా, నన్ను హాస్టల్లో పడేయండి" అని ఏడ్చింది. అమ్మ బయట నేల మీద కూర్చుని తలుపుతో మాట్లాడింది. అమ్మమ్మ కుషన్ కుట్టింది.

పద్దెనిమిదో రోజు మార్కుల కాగితం వచ్చింది. లెక్కల్లో ఇరవై ఆరు. ఇక చూపించక తప్పదు. రిహార్సల్‌కి అదే ఆఖరి రోజు.

"అసలుది అనవే," అంది అమ్మమ్మ.

"వద్దులే అమ్మా."

"ఇవాళో రేపో ఎలాగూ వినాల్సిందే. నీ నోట వింటే దెబ్బ తగ్గుతుంది. అను."

అసలు మాట ఒకటుంది. దాని దగ్గర పిల్ల ఎప్పుడూ రెండు దాటలేదు. అమ్మ కళ్ళజోడు సర్దుకుంది. పెన్ను ఆపింది. నెమ్మదిగా అంది.

"మీ అమ్మని చూస్తే జాలేస్తుంది. నీలాంటిదాన్ని కని కూర్చుంది."

టపాకాయ మొహం ఎర్రబడింది. మెడ మీద నరం లేచింది.

నాలుగు. అయిదు. అమ్మమ్మ ఊపిరి బిగబట్టింది.

ఏడు. కళ్ళు నిండాయి, నోరు లేవలేదు.

తొమ్మిది.

"నాకిప్పుడు... కోపంగా ఉంది. కాసేపాగి మాట్లాడతాను."

"పది! పదే! పైన ఇంకొకటి కూడా!" అని అమ్మమ్మ స్టాప్‌వాచీ వదిలేసింది. అది సోఫా కిందకి దొర్లిపోయినా ఎవరూ వెతకలేదు. అమ్మ మాత్రం నిలబడ్డచోటే నిలబడి, అన్నది తనే అయినా, ఆ మాట తనకే తగిలినట్టు ఏడుస్తోంది. పిల్ల వచ్చి వాటేసుకుంది.

"భలే చేశావమ్మా," అంది. "నిజంగా కొట్టాలనిపించింది."

ఆరున్నరకి బెల్ మోగింది.

అమ్మమ్మ గబగబా కర్టెన్లు తీసి టీవీ పెట్టింది. అమ్మ మొహం కడుక్కుని స్టవ్ వెలిగించింది.

టపాకాయ వెళ్ళి తలుపు తీసి, ముక్కు చివర కళ్ళజోడున్న మనిషి చేతిలోని ఆఫీసు బ్యాగు అందుకుని, "మార్కులొచ్చాయి నాన్నా" అంది.