సార్ లోపలున్నారు

"ఒక స్పీకరు ఈ కిటికీ దగ్గర, ఇంకోటి లోపలి గదిలో. మా వారు అలాగే పెట్టించమన్నారండి," అంది శ్రీసుధ.

సాల్మన్ రాజుకు చిర్రెత్తుకొచ్చింది. ఇబ్రహీంపట్నంలో టీవీలు, మైకులు బాగుచేసే దుకాణం పెట్టినప్పటి నుంచి ఇలాంటి కోరిక ఎవరి నోటా వినలేదు. స్పీకర్లు రెండూ టీవీకి చెరోపక్కన ఉండాలి. ఆ మాత్రం తెలియని మనుషులుంటారా? ఒకటి వీధికి, ఒకటి పడకగదికీనా?

"గట్లెట్ల అక్కా? పాట సగం గీడ, సగం గాడ ఇనబడ్తది. సార్‌ను జర బయటికి పిలువుండ్రి, నేను సమజ్ చేస్త."

"ఆయన నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నారు. ఉండండి, అడిగొస్తాను."

లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. "ఏమండీ..." అంటూ ఆమె గొంతే వినిపించింది. ఆ మహారాజు మూలిగినట్టైనా లేదు. తిరిగొచ్చి, "అలాగే కావాలట," అంది.

నిద్రపోయేవాడు ఇన్ని హుకుంలు జారీ చేస్తాడా! సాల్మన్ రాజు పళ్ళు నూరుకుంటూ టీవీ వెనక్కి వంగాడు. వచ్చేటప్పుడే సగం కోపంగా ఉన్నాడు. బొంగులూరు వైపు కొత్త వెంచర్ అది. చుట్టూ ఖాళీ ప్లాట్లు, దారి పొడుగునా పగిలిన సీసాలు. బండి టైరు కాపాడుకుంటూ వచ్చేసరికి తాతలు దిగొచ్చారు. తీరా వస్తే గుమ్మంలో అడ్డంగా విడిచిన మగవాళ్ళ పెద్ద చెప్పులు తన్నుకుని పడబోయాడు.

"గా ప్లాట్లల్ల తాగుబోతులు కూసుంటరా అక్కా?"

"చీకటి పడితే చేరతారండి," అంది ఆమె ముక్తసరిగా.

ఇలాంటి చోట పెళ్ళాన్ని వదిలేసి రాత్రిళ్ళు డ్యూటీకి పోతాడా మనిషి? సాల్మన్ రాజు కోపం ఇంకో మెట్టు ఎక్కింది.

స్పీకర్లు పాత మ్యూజిక్ సెట్టువి. సెట్టు ఎప్పుడో చచ్చింది, ఇవి మాత్రం గట్టి సరుకు. కొత్త టీవీకి చూస్తే ఆ తీగలు గుచ్చే చోటే లేదు.

"గీ డబ్బాలకు సొంతంగ జోరుండదక్కా. మధ్యల ఆంప్లిఫయర్ పెట్టాలె. గింత లొల్లి ఎందుకు? టీవీ కింద పెట్టే సౌండ్‌బార్ తెచ్చుకోరాదు?"

"అది టీవీ దగ్గరే ఉంటుంది కదండీ. ఆయనకు ఇవే కావాలి. చీకటి పడేలోపు అయిపోవాలి."

"చీకటి పడ్తె ఏమైతది?"

"డ్యూటీకి వెళ్ళేముందు చూసుకుంటారట." ఆమె కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి. గొంతులో భయం దాచినా దాగడం లేదు.

టీవీ బల్ల జరపాల్సి వచ్చింది. బండలాంటి బల్ల.

"సార్‌ను ఒక్క చెయ్యెయ్యమనుండ్రి."

"వద్దు, వద్దు. నేను పడతాను."

పట్టింది. బల్ల జారి ఆమె వేలు నలిగింది. రక్తం బొటబొటా కారినా కొంగు చుట్టుకుని మళ్ళీ బల్ల పట్టింది. సాల్మన్ రాజుకు తన అక్క మరియ గుర్తొచ్చింది. బావకు నీళ్ళ చెంబు పక్కనే ఉన్నా వంటింట్లోంచి అక్కే వచ్చి అందించాలి. ఈ మొగుళ్ళంతా ఎక్కడ తయారవుతారో!

టీవీ నుంచి తను తెచ్చిన ఆంప్లిఫయర్‌కి ఒక వైరు, ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్లకు తీగలు. లోపలి స్పీకరు తనే బిగిస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "నిద్ర చెడుతుందండీ" అని, ఎర్ర తీగ ఎందులో పెట్టాలో, నల్లది ఎందులో పెట్టాలో అడిగి తెలుసుకుని తనే లోపలికి పట్టుకెళ్ళి బిగించుకొచ్చింది.

సాల్మన్ రాజు పాట పెట్టాడు. గోడలు అదిరాయి.

"పాటలు వద్దండీ. చర్చలొచ్చే ఛానెల్ పెట్టండి. ఆయనకు అవే ఇష్టం."

పెట్టాడు. నలుగురు పెద్దమనుషులు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అరుచుకుంటున్నారు. ఆమె గేటు దాకా వెళ్ళి, చెవి ఒగ్గి విని, లోపలికొచ్చింది.

"ఇంకాస్త పెంచండి."

"గేటు కాడ ఎవరింటరక్కా?"

"మొక్కలకు నీళ్ళు పోస్తూ వింటారు."

అంది కానీ, అతను వచ్చినప్పటి నుంచీ మొదటిసారి ఆమె ముఖం తేటపడింది. వేలికి చుట్టిన కొంగు మాత్రం ఎర్రగా తడిసిపోయింది. అది చూశాక సాల్మన్ రాజు ఇక ఆగలేకపోయాడు.

"బల్ల మోసేది మీరు, వేలు నలగ్గొట్టుకునేది మీరు, ఇని మురిసేది ఆయననా? గింత మోతల ఇంక నిద్రెక్కడిది? నేనే అడుగుత!"

"వద్దండీ! మీకు దణ్ణం పెడతాను, ఆ తలుపు తియ్యకండి!"

ఆమె అడ్డం రాబోయింది. అతను అప్పటికే గది ముందు నిలబడి తలుపు దబదబా బాదుతున్నాడు.

"ఓ సార్! పెండ్లాం రక్తం కార్చుకుంట పని చేస్తుంటె మంచం మీదికెల్లి హుకుంలిస్తవా? మనిషివేనా నువ్వు? దమ్ముంటె బయటికొచ్చి నాతోని మాట్లాడు!"

ఒళ్ళు మండిపోయి తలుపు ఒక్క తోపు తోశాడు.

ఒంటి మంచం. దాని మీద ఒకే దిండు. దండెం నిండా చీరలు. వెనక కిటికీలో ఖాళీ ప్లాట్ల వైపు తిప్పిపెట్టిన స్పీకరు భీకరంగా అరుస్తోంది.

ఆ ఇంట్లో మగమనిషి లేడు.