వీధి అభిప్రాయం

రేషన్ షాపులో బియ్యం కావాలంటే వేలిముద్రతోపాటు అభిప్రాయం కూడా ఇవ్వాలి. సర్కారు ఆసుపత్రి మేలా, ప్రైవేటు మేలా? ఎవరేది నొక్కారో గుమ్మం మీది తెరపై పేరుతో సహా పడుతుంది. గుర్రాలవీధికి పరువెక్కువ. నాలుగేళ్లుగా ప్రైవేటే నొక్కుతోంది. ప్రజాభిప్రాయాన్ని గౌరవించి, ఇక ఎక్కువమంది ప్రైవేటు మేలన్న వీధుల వాళ్లకి సర్కారు ఆసుపత్రిలో బెడ్లుండవని ఈ నెల చాటింపు వేశారు.

అందుకే నూకరత్నం ఈసారి సర్కారుదే నొక్కాలని వచ్చింది. ఆమె మొగుడు వారం రోజులుగా సర్కారు పెద్దాసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు.

వెనక నుంచున్న మంగతాయారు అడగనే అడిగింది. "అన్నయ్యగారిని ఎక్కడ చేర్పించారు వదినగారూ?"

"ప్రైవేట్లోనండి. ఏసీ రూము. మీ అత్తగారినో?"

"మేమూ అంతేనండి. సర్కారు దానికి ఎవరెళ్తారండీ!"

వరసంతా తెరకేసే చూస్తోంది. మిగతావాళ్లు సర్కారుది నొక్కుతార్లే, నా ఒక్కదానితో ఏమవుతుందిలే అనుకుని నూకరత్నం ప్రైవేటు నొక్కింది.

సాయంత్రం క్యారేజీ పట్టుకుని వెళ్లేసరికి మొగుడు పెద్దాసుపత్రి మెట్ల మీద పడున్నాడు. ముక్కుకి గొట్టం లేదు. పక్కనే మంగతాయారు, ఒళ్లో అత్తగారి తల. కింది మెట్లనిండా గుర్రాలవీధి జనమే.

"ఊరికే పరీక్షకని తెచ్చామండి," అంది మంగతాయారు. "మా ఆసుపత్రి కారొస్తోంది."

"మాకూ వస్తోందండి," అంది నూకరత్నం, మొగుడి ఎగశ్వాస వినబడకుండా గొంతు పెంచి.